రెండు వందల పన్నెండో వరుస

ఆ కాలేజీలో ఆవిడకి ఓ అసలు పేరుందన్న సంగతి జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ నీళ్ళ మేడమే. రసాయనశాస్త్రం పాఠాలు కాగానే సంచీ భుజానేసుకుని బయల్దేరేది. సంచీలో ఖాళీ సీసాలు, ఓ గుడ్డముక్క, అంటించే చీటీలు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి చేతిపంపుల దగ్గర నీళ్ళు పట్టుకొచ్చి, వాటిలో ఫ్లోరైడ్ ఎంతుందో ల్యాబ్‌లో కొలిచి రిజిస్టర్లో ఎక్కించేది. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు తాగకూడదు. తాగితే ముందు పిల్లల పళ్ళు గారపడతాయి, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలే వంగిపోతాయి. ఈ కొలిచే పని ఆవిడ ఒకటీ రెండూ కాదు, పదకొండేళ్ళు చేసింది. చుట్టాలింటికి వెళ్ళినా గ్లాసు చేతికిస్తే తాగేముందు ఇవి ఏ పంపు నీళ్ళని అడిగేది. "మా ఆవిణ్ణి భోజనానికి పిలవకండి, మీ నీళ్ళకి మార్కులేసి వస్తుంది" అని వాళ్ళాయన స్నేహితుల దగ్గర వేళాకోళమాడేవాడు.

ఆవిడకి కొలవడం నేర్పింది ఎర్రసిరా మాస్టారు. యూనివర్సిటీలో ఆరేళ్ళు ఆయన దగ్గరే పరిశోధన చేసింది. ఎర్రసిరా పెన్ను లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. విద్యార్థి ఇచ్చిన కాగితం తిరిగొచ్చేసరికి అందులో నల్ల అక్షరాలు వెతుక్కోవాల్సి వచ్చేది. సొంత కూతురి శుభలేఖలో మూడు తప్పులు దిద్ది అచ్చాఫీసుకి తిప్పి పంపిన మనిషి ఆయన. ఆయన నోట "బాగుంది" అన్న మాట విన్నవాళ్ళు కూడా లేరు. మహా మెచ్చుకుంటే "సరే" అనేవారు. ఆ "సరే" దొరికిన రోజున విద్యార్థుల కాళ్ళు నేలమీద ఆనేవి కావు. నీళ్ళ మేడానికి ఆరేళ్ళలో నాలుగు "సరే"లు దొరికాయి. తేదీలతో సహా గుర్తు.

మాస్టారి ల్యాబ్‌లో రెండు పద్ధతులుండేవి. ఆయన శిష్యులు ఎక్కడికి వెళ్ళినా ఆ రెంటినీ వెంట తీసుకెళ్ళారు. మొదటిది ఎర్రదారం. ఫ్లోరైడ్ కొలిచే మిషన్ రెండు మిల్లీగ్రాములు దాటిన అంకెని చదవలేదు. అందుకని నీళ్ళు ఘాటుగా ఉన్నాయని తోస్తే, ఒక వంతు నీళ్ళకి తొమ్మిది వంతులు శుద్ధజలం కలిపి, ఆ సీసా మెడకి ఎర్రదారం కట్టాలి. దారం ఉన్న సీసా అంకెని పదితో గుణించి రిజిస్టర్లో రాయాలి. రెండోది పెన్సిల్ చుక్క. పట్టికలో ఏ అంకె మీదైనా అనుమానముంటే దాని పక్కన చిన్న చుక్క పెట్టి మాస్టారికివ్వాలి. నోటితో చెప్పక్కర్లేదు. తప్పయితే ఆయన చుట్టూ ఎర్రగా సున్నా చుడతారు. సున్నా లేకుండా తిరిగొచ్చిందంటే ఆ అంకెకి ఢోకా లేదు, చుక్క చెరిపేసుకోవచ్చు. ఆ చుక్క పెట్టుకున్నాక విద్యార్థికి హాయిగా నిద్రపట్టేది.

పదకొండేళ్ళ పని ఒక పట్టికగా కూర్చేసరికి నాలుగు వందల ముప్పై వరుసలు తేలాయి, పంపుకొక వరుస. వాటిలో రెండు వందల పన్నెండోది ఒక బడి ఆవరణలో కొత్తగా వేసిన పంపు. అందులో ఫ్లోరైడ్ సున్నా పాయింట్ నాలుగు. అంటే చక్కని మంచినీళ్ళు. ఆ బడి చుట్టూ ఉన్న పంపులన్నీ మూడు పైన చూపిస్తుంటే, నడుమ ఇదొక్కటే ఇంత తక్కువ. ఆవిడకి ఎక్కడో కలుక్కుమంది. కొత్త పంపు కదా, ఎక్కువ లోతుకి వేసుంటారని సర్దిచెప్పుకుంది. మనసు పూర్తిగా సర్దుకోక, అలవాటు చొప్పున పక్కన పెన్సిల్ చుక్క పెట్టింది.

నీళ్ళు మంచివని మేడం చెప్పేదాకా అని, ఆ పంపుకి బడి పెద్ద టీచరమ్మ గొలుసు వేసి ఉంచింది. పిల్లలు ఇళ్ళనుంచి సీసాల్లో నీళ్ళు తెచ్చుకునేవారు, సీసా తేని పిల్లలు పక్కవాళ్ళ దగ్గర అడుక్కునేవారు. "తీసేదా మేడం" అని పెద్ద టీచరమ్మ వారానికోసారి ఫోన్ చేసేది. "మా మాస్టారి కంట పడనివ్వండి, ఆయన చూశారంటే ఇంక భయం లేదు" అనేది నీళ్ళ మేడం.

మాస్టారు రిటైరై అప్పటికి ఆరేళ్ళు. ఆయన ఇంటికి వెళ్ళి కాగితాల కట్ట ముందు పెట్టడానికి ఆవిడకి మొహమాటం. విశ్రాంతి తీసుకునే మనిషిని ఇంకా ఏం పీడిస్తామని. సరిగ్గా అప్పుడొచ్చింది ఒక ఈమెయిల్. నీటి పరిశోధనల అంతర్జాతీయ పత్రిక ఒకటి, "మహోన్నత శాస్త్రవేత్త గారికి" అని సంబోధించి, మీ పత్రం పంపమని బతిమాలింది. ఆ పొగడ్తకి ఆవిడ పడిపోలేదు. అలాంటివి రోజుకి పది వస్తాయి, పదీ చెత్తబుట్టలోకి పోతాయి. దీన్ని కూడా పారేసేదే, కానీ అడుగున ప్రధాన సంపాదకుడి ఫొటో కనిపించింది. బట్టతల, మందపాటి కళ్ళద్దాలు, చొక్కా జేబులో ఎర్రటోపీ పెన్ను.

ఆవిడ ఎగిరి గంతేసినంత పని చేసింది. మాస్టారు ఊరికే కూర్చోలేదన్నమాట. ఇంకా దిద్దుతూనే ఉన్నారన్నమాట. పత్రం పంపింది, ప్రచురణ ఖర్చులని వాళ్ళడిగింది కట్టింది, ప్రధాన సంపాదకుడి పేర ఒక ఉత్తరం కూడా జతచేసింది. "మాస్టారూ, రెండు వందల పన్నెండో వరుస పక్కన చుక్క ఉందనుకోండి. ఒక్కసారి చూడండి" అని. ఇంక పత్రం ముక్కలు చెక్కలై తిరిగొస్తుందని, ఆర్నెల్లు దిద్దుకోవలసి ఉంటుందని నడుం బిగించి కూర్చుంది.

నాలుగో రోజుకే జవాబొచ్చింది. "మీ పరిశోధన అద్భుతంగా ఉంది. ఒక్క సవరణ కూడా అవసరం లేదు. యథాతథంగా అంగీకరిస్తున్నాము." కింద మాస్టారి సంతకం.

నాలుగు రోజుల్లో నాలుగు వందల ముప్పై వరుసలా అని అనుమానించాల్సిన ఆడమనిషి, అనుమానించకుండా స్టాఫ్ రూమ్‌లో కూర్చుని కళ్ళొత్తుకుంది. ఏం చేస్తుంది మరి. ఇరవై ఏళ్ళుగా "సరే" తప్ప ఎరగని ప్రాణానికి "అద్భుతం" అన్న మాట దొరికింది. ఆ ఉత్తరం అచ్చు తీసి, మడత పడకుండా అట్టలో పెట్టి, ఇంట్లో వాళ్ళాయనకి చూపించి, ఫోన్లో అక్కకి చదివి వినిపించింది. తన దగ్గరున్న ప్రతిలో రెండు వందల పన్నెండో వరుస పక్కనున్న చుక్కని రబ్బరుతో చెరిపేసింది. మర్నాడు పొద్దున్నే బడికి ఫోన్ చేసి, మాస్టారు చూశారని, గొలుసు తీసేయమని చెప్పింది.

నాలుగు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం అదే పత్రికవాళ్ళ దగ్గర్నుంచి ఇంకో ఈమెయిల్ వచ్చింది. కోళ్ళ పెంపకం మీద వాళ్ళు నడిపే పత్రికకి ఆవిణ్ణి సంపాదకవర్గంలో చేర్చుకుంటారట, ఒప్పుకోమన్నారు. ఆవిడకి కోడిని చూస్తే భయం. నవ్వుకుంటూ ఆ పత్రిక తెరిచి చూసింది. ప్రధాన సంపాదకుడు ఎర్రసిరా మాస్టారు. నవ్వు సగంలో ఆగింది. ఆ సంస్థ నడిపే మిగతా పత్రికలు కూడా తెరిచింది. వంతెనల నిర్మాణానికి మాస్టారు. కంటి శస్త్రచికిత్సలకి మాస్టారు. కాన్పులూ, గర్భిణుల ఆరోగ్యానికీ మాస్టారే. అన్నిటా అదే బట్టతల, అదే పెన్ను.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. దొంగవెధవలు పెద్దాయన ఫొటో ఎత్తుకుపోయి అంగడి పెట్టుకున్నారు, పాపం ఆయనకి తెలిసుండదు. ఆ పూట క్లాసు పక్కావిడకి అప్పగించి, పత్రం ప్రతి సంచీలో పడేసుకుని, బస్సెక్కింది. తన పత్రం సంగతేమిటన్న ఆలోచన దారిలో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ దాన్ని పక్కకి నెట్టింది.

తలుపు మాస్టారి భార్య తీసింది. "రామ్మా రా, ఎన్నాళ్ళకి. ముందుగదిలో ఉన్నారు, పలకరించు. మనుషులొచ్చి మాట్లాడితే ఆ రోజు అన్నం సరిగ్గా తింటారు" అని వంటింట్లోకి వెళ్ళింది.

ముందుగదిలో కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద కంప్యూటర్, దాని ముందు మాస్టారు. కానీ నీళ్ళ మేడం కళ్ళు ఆయన మీద నిలవలేదు. ఎదురుగోడ నిండా చట్రాలు కట్టించిన ప్రశంసాపత్రాలున్నాయి. వంతెనలది, కళ్ళది, కోళ్ళది, కాన్పులది. నడిమధ్యన నీళ్ళది. ఒక్కదాని మీదా దుమ్ము లేదు.

ఆవిడ గోడ దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కటే చదివింది.

"కూర్చో అమ్మాయ్. ఏమిటలా చూస్తున్నావు" అన్నారు మాస్టారు.

"ఇవి... మీకు తెలిసే జరుగుతున్నాయా మాస్టారూ?"

"తెలియకుండా గోడకెలా ఎక్కుతాయి?"

"కోళ్ళ గురించి మీకేం తెలుసండీ?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పేరు పెట్టుకుంటామన్నారు. పెట్టుకోమన్నాను. నాకు పైసా ఇవ్వరు, నేనడగను కూడా. రిటైరయ్యాక నా బల్ల మీదకి ఒక్క కాగితం రాలేదు. నువ్వే ఉన్నావు, చివరిసారి నాకు కాగితం చూపించి ఎన్నేళ్ళయింది? వాళ్ళు మాత్రం గౌరవనీయులైన ఆచార్యులవారికి అని రాశారు. సంతకం కావాలన్నారు, మొదటి వారమే పంపించాను. అది వాళ్ళే అంటించుకుంటారు."

"మరి నా పత్రం కింద ఉన్న సంతకం?"

"అదే అయ్యుంటుంది."

"నేను రాసిన ఉత్తరం?"

"ఏ ఉత్తరం? నాకేదీ రాదమ్మా. నెలకోసారి జాబితా వస్తుంది, ఎవరెవరివి అచ్చయ్యాయో."

నీళ్ళ మేడం సంచీని ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది. "ఆ జాబితాలో నా పేరు చూశారా?"

మాస్టారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. అబద్ధమాడటం ఆయనకి చేతకాదు, ఆ అలవాటు మాత్రం ఇంకా పోలేదు. "చూశాను" అన్నారు.

"చూసి?"

"నువ్వు రాసింది కదా, తప్పుండదులే అనుకున్నాను."

ఆవిడకి ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఎదురుచూసిన మాట ఈయన రాయలేదు. ఎక్కడో ఎవడో, ఆవిడ మొహం కూడా ఎరగనివాడు, కోళ్ళవాళ్ళకీ కాన్పులవాళ్ళకీ పంపే ఉత్తరమే ఆవిడకీ పంపాడు. దాన్ని తను అట్టలో పెట్టుకుంది. అక్కకి చదివి వినిపించింది. సిగ్గుతో చచ్చిపోయింది.

"మీ పేరు చూసే పంపాను మాస్టారూ. మీరు చూస్తారనే పంపాను. చీల్చి చెండాడతారని ఎదురుచూశాను" అంది.

"తే" అన్నారాయన చెయ్యి చాపి. "ఇప్పుడు చూస్తాను."

ఆవిడ పత్రం తీసిచ్చింది. మాస్టారు జేబులోంచి ఎర్రపెన్ను తీసి విదిలించారు. సిరా ఎండిపోయి రాలేదు. సొరుగు వెతికి ఇంకోటి తీశారు. చదవడం మొదలుపెట్టాక ఆ మనిషి మారిపోయారు. వెన్ను నిటారుగా నిలిచింది, పెన్ను వరుస వెంట వరుస దిగుతూ పోయింది. మాస్టారి భార్య రెండు గ్లాసుల టీ తెచ్చి పెట్టి వెళ్ళింది, ఆయన తలెత్తలేదు. పెన్ను ఆరో పేజీలో ఆగింది. రెండు వందల పన్నెండో వరుస చుట్టూ ఎర్రటి సున్నా పడింది.

"ఇదేమిటి? చుట్టూ మూడు, మూడున్నర. మధ్యలో సున్నా పాయింట్ నాలుగా? భూమి లోపల ఎవరైనా గోడ కట్టారా? పదితో గుణించావా లేదా?"

నీళ్ళ మేడం ఆ సున్నా మీదకి వంగి చూసింది. "రిజిస్టర్లో దారం గుర్తు లేదండీ" అంటూనే ఫోన్ తీసి ల్యాబ్ బాబాయికి చేసింది. ఆవిడ చేరకముందునుంచీ ఆ ల్యాబ్‌లో సీసాలు కడిగి సర్దే పెద్దాయన అతను. ఆ బడి సీసాల సంగతేమైనా గుర్తుందా అని అడిగింది.

"ఎందుకు గుర్తులేదమ్మా, మనం కొత్త గదిలోకి మారిన రోజు కదూ" అన్నాడతను. "ట్రే జారి రెండు సీసాల మూతులు పగిలాయి. నీళ్ళు పోలేదని వేరే సీసాల్లోకి వంపి, చీటీలు తీసి వీటికి అంటించాను. ఆ బడివే రెండూ."

"దారం ఉందా బాబాయ్, పగిలినవాటికి?"

"ఉన్నట్టే ఉందమ్మా. సీసాలతో పాటు బుట్టలో పడేశానేమో. ఏం, ఏదైనా ఇబ్బందా?"

ఆవిడ ఫోన్ పెట్టేసింది. దారం ఉంటే ఆ అంకె నాలుగు. తాగకూడని నీళ్ళు, రెండింతలు దాటి తాగకూడని నీళ్ళు. నాలుగు నెలలుగా ఆ బడి పిల్లలు తాగుతున్నారు. మాస్టారు చదవడం మొదలుపెట్టి పావుగంట కూడా కాలేదు, తప్పు పట్టేశారు. ఆ పావుగంట నాలుగు నెలల కిందట పెట్టుంటే. ఆవిడకి ఆయన మీద కోపం కంటే పెద్దదేదో వచ్చింది, దానికి పేరు తెలియలేదు.

బడికి ఫోన్ చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. పాఠాలు జరిగే వేళ. లేచి చెప్పులు వెతుక్కుంది.

"ఆగమ్మా, ఆగు. వాళ్ళకిప్పుడే రాస్తాను. ప్రధాన సంపాదకుణ్ణి, నా మాట వినరా" అని మాస్టారు కంప్యూటర్ వైపు తిరిగారు. రెండు వేళ్ళతో గబగబా కొట్టారు. రెండు వందల పన్నెండో వరుసలో పెద్ద తప్పుంది, ఆ పత్రాన్ని వెంటనే ఆపండి, పిల్లల ఆరోగ్యం సంగతి అని నాలుగు వాక్యాలు. పంపారు. ఆవిడ రెండో చెప్పు తొడుక్కునేలోపే జవాబు టింగుమంది.

మాస్టారు పైకే చదివారు. "మీ పరిశోధన అద్భుతంగా ఉంది. ఒక్క సవరణ కూడా అవసరం లేదు. యథాతథంగా అంగీకరిస్తున్నాము. ప్రచురణ రుసుము చెల్లించగలరు." కిందికి జరిపారు. అడుగున తన సంతకమే ఉంది.

ఆయన దాన్ని రెండోసారి లోపల చదువుకున్నారు. భుజాలు మళ్ళీ దిగిపోయాయి. నీళ్ళ మేడానికి ఒక్క క్షణం జాలేసింది. ఆ జాలి కూడా ఆయన తన దగ్గర కాజేసినట్టే అనిపించి గుమ్మం వైపు నడిచింది.

మాస్టారు కాగితాలు పట్టుకుని వెనకే వచ్చారు. "అమ్మాయ్, ఈ ఒక్క వరుస తప్ప మిగతాదంతా... నేను నిజంగా చూశాను ఇప్పుడు. మిగతాదంతా చాలా బాగుంది."

ఆవిడ ఆ మాట కోసం ఇరవై ఏళ్ళు ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఆ మాట మీరు ముందే రాశారు కదా మాస్టారూ" అని మెట్లు దిగింది.

ఆటో చేసుకుని బడికి వెళ్ళేసరికి ఆటల గంట నడుస్తోంది. పంపు చుట్టూ పిల్లలు. ఒక పిల్ల పిడికి వేలాడుతూ కొడుతోంది, ఇంకో పిల్ల దోసిలి పట్టి తాగుతోంది, మిగతావాళ్ళు తోసుకుంటున్నారు. నీళ్ళ మేడం వాళ్ళ మధ్యలోకి వెళ్ళి పిడి పట్టుకుంది. "చాలర్రా, ఇంక తాగకండి" అంది. దోసిలి పట్టిన పిల్ల, ఈవిడెవరో అన్నట్టు చూసి నవ్వింది. పళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

పెద్ద టీచరమ్మ గదిలోంచి వచ్చింది. "రండి మేడం. మీ పుణ్యమా అని పిల్లలకి నీళ్ళ గోల తీరింది."

"గొలుసుందా అండీ?"

"ఉంది, లోపల పడేశాను. ఎందుకూ?"

"మళ్ళీ వేసేయాలి. ఈ నీళ్ళు తాగకూడదు. నా లెక్కలో తప్పు జరిగింది."

పెద్ద టీచరమ్మకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు తగ్గింది. "మీ మాస్టారు చూశారన్నారు కదండీ. ఆయన చూశారంటేనే కదా నేను తాళం తీసింది."

"చూడలేదండీ."

"మరి ఎవరు చూశారు?"

నీళ్ళ మేడం సర్దిచెప్పడానికి మాటలు వెతుక్కుంది. పత్రిక సంగతి, సంతకం సంగతి, పగిలిన సీసాల సంగతి, అన్నీ నాలిక చివరికొచ్చాయి. ఒక్కటీ ఈ టీచరమ్మకి పనికొచ్చేది కాదు. చుక్క పెట్టిన చెయ్యే చుక్క చెరిపింది. సంచీలో సీసా పెట్టుకుని తిరిగే మనిషి, ఇంకొక్కసారి వచ్చి ఈ పంపు దగ్గర నీళ్ళు పట్టుకెళ్ళుంటే సరిపోయేది.

"ఎవరూ చూడలేదండీ. నేను కూడా."

పెద్ద టీచరమ్మ ఆవిడ వైపు చూసిందంతే. ఆ చూపు నీళ్ళ మేడానికి కొత్త కాదు, గంట కిందట మాస్టారి ముందుగదిలో తను ఆయన్ని చూసింది అలాగే. తర్వాత టీచరమ్మ గొలుసు కోసం లోపలికి వెళ్ళింది. ఆవిడ తిరిగొచ్చేదాకా నీళ్ళ మేడం పంపు పిడిని రెండు చేతులా పట్టుకుని నిలబడింది.